ఎదురీత సలహాలు

గుడ్డు తెల్లబడితే సంబరపడకండి. నా మొదటి సలహా ఇదే.

నానో పదార్థాల విషాన్ని చేపల మీద, చేప పిండాల మీద పరీక్షించే పనిలోకి కొత్తగా అడుగుపెట్టినవాళ్ల కోసం రాస్తున్నాను. జీబ్రా చేప గుడ్డు బతికున్నంతసేపూ గాజుపూసలా ఉంటుంది. కన్ను ఏర్పడటం, తోక విడివడటం, గుండె కొట్టుకోవడం మైక్రోస్కోపులో నేరుగా చూడొచ్చు. చచ్చిన గుడ్డు పాలచుక్కలా గడ్డకడుతుంది. పొద్దున్నే ఇంక్యుబేటర్ తెరిస్తే, ప్లేటులోని చిన్న గుంటల్లో, అంటే వెల్స్‌లో, నానో కణాలు వేసినవాటిలో తెల్లచుక్కలూ ఉత్త నీళ్లున్న వెల్స్‌లో గాజుపూసలూ కనబడ్డాయనుకోండి. ఆ క్షణంలో రీసెర్చ్ స్కాలర్ మనసు ఎక్కడికి పరుగెడుతుందో నాకు తెలుసు. నా మనసూ అక్కడికే పరుగెత్తింది.

మొదటి ఏడాది నాకిచ్చినవి బంగారు నానో కడ్డీలు. చాలా తక్కువ మోతాదుకే పిండాలు వరసగా చచ్చిపోయాయి. మా ల్యాబులో పెద్దవాళ్లు గ్రాఫు చూసి బాగుందన్నారు, రాసెయ్యమన్నారు. రాయబోతూ ఎందుకో ఒక్క పని చేశాను. ఆ ద్రావణాన్ని సెంట్రిఫ్యూజ్‌లో తిప్పి, కడ్డీలు అడుగున చేరాక పైన తేరిన నీళ్లను మాత్రమే తీసి కొత్త గుడ్ల మీద పోశాను. అవీ అంతే వేగంగా చచ్చిపోయాయి. కడ్డీలు తయారు చేసేటప్పుడు అవి పొడుగ్గా పెరగడానికి సీటాబ్ అనే రసాయనం వాడతారు. సబ్బులాంటిది, జీవకణాల పొరలను కరిగించేస్తుంది. సరిగ్గా కడగకపోతే అది నీళ్లలో మిగిలిపోతుంది. నేను మూడు నెలలు కొలిచింది బంగారం విషాన్ని కాదు, సబ్బు విషాన్ని. దాని కోసం చంపిన పిండాల లెక్క నా నోట్‌బుక్‌లో ఇప్పటికీ ఉంది.

అప్పటినుంచి నేను చెప్పే సలహాలన్నీ కొందరికి తలకిందులుగా వినిపిస్తున్నాయి. ఫలితం రాబట్టడానికి ఎంత కష్టపడతారో, వచ్చిన ఫలితాన్ని పడగొట్టడానికి అంతకంటే ఎక్కువ కష్టపడమంటాను. పడగొట్టలేకపోయినప్పుడే అది ఫలితం. ఈ మాటలో నాకు ఏ సందేహమూ లేదు.

కణాలు లేని నీళ్లను ముందు తయారు చేయండి. కణాలున్న నీళ్లు తర్వాత. ఈ వరస ఎందుకో చెప్పడానికి ఈ రంగం మొత్తం నేర్చుకున్న ఒక పాఠాన్ని వివరంగా చెప్పాలి.

అరవై కార్బన్ పరమాణువులు ఫుట్‌బాల్ ఆకారంలో అమరిన అణువు సీ60. 1985లో బయటపడింది. కనుగొన్న క్రోటో, కర్ల్, స్మాలీలకు 1996లో నోబెల్ వచ్చింది. 2004లో డాలస్‌లోని సదరన్ మెథడిస్ట్ యూనివర్సిటీలో పనిచేసే ఈవా ఓబర్‌డోర్‌స్టర్ ఈ సీ60 కలిపిన నీళ్లలో లార్జ్‌మౌత్ బాస్ చేపపిల్లలను ఉంచారు. మోతాదు పది లక్షల వంతుల్లో అర వంతు, వ్యవధి 48 గంటలు. మెదడులోని కొవ్వులు ఆక్సీకరణకు గురై దెబ్బతిన్నట్టు కనబడింది. నానో కణాలు చేప మెదడును పాడు చేస్తాయన్న వార్త ప్రపంచమంతా పాకింది.

అయితే సీ60 నీళ్లలో కరగదు. అందుకని అప్పట్లో దాన్ని ముందు టెట్రాహైడ్రోఫ్యూరాన్ అనే ద్రావణిలో కరిగించేవారు. దాన్నే టీహెచ్ఎఫ్ అంటాం. తర్వాత నీళ్లు కలిపి ద్రావణిని ఆవిరి చేసేవారు. పోయిందనుకున్న ద్రావణి నిజంగా పూర్తిగా పోయిందా? పోయేముందు ఏమైనా వదిలిపెట్టిందా? 2006లో ఓబర్‌డోర్‌స్టర్ స్వయంగా మరో ఇద్దరితో కలిసి ఫ్యాట్‌హెడ్ మిన్నో అనే చేప మీద ఈ ప్రశ్నను పరీక్షించారు. టీహెచ్ఎఫ్ దారిలో చేసిన సీ60 నీళ్లలో చేపలన్నీ ఒక రోజు తిరక్కుండానే చచ్చిపోయాయి. ఉత్త నీళ్లలో చాలాకాలం కలియదిప్పి చేసిన సీ60లో 48 గంటలకూ చావు లేదు. కణజాలంలో కొన్ని మార్పులు మాత్రం కనిపించాయి. తన పేరు మోగించిన ప్రయోగంలోని బలహీనతను తానే వెతుక్కున్న ఆ పరిశోధకురాలంటే నాకు చాలా గౌరవం.

మరుసటి ఏడాది, 2007లో, టెనెస్సీ యూనివర్సిటీలో థియొడోర్ హెన్రీ బృందం జీబ్రా చేప పిల్లలతో ఇంకో మెట్టు ఎక్కింది. వాళ్లు చేసిన తెలివైన పని ఒక్కటే. సీ60 లేకుండా టీహెచ్ఎఫ్‌నూ నీళ్లనూ కలిపి, సీ60 ద్రావణం ఏయే దశలు దాటుతుందో ఆ దశలన్నీ దాటించారు. అదే పాత్ర, అదే ఆవిరి చేయడం, అదే వడపోత. అన్నీ ఉన్నాయి, కణం ఒక్కటే లేదు. ఆ కణం లేని నీళ్లు కూడా పిల్లలను చంపాయి. చేప జన్యువులు స్పందించిన తీరు సైతం రెండింటిలోనూ ఒకేలా ఉంది. టీహెచ్ఎఫ్ విరిగి పుట్టిన గామా బ్యూటిరోల్యాక్టోన్ అనే పదార్థం ఆ నీళ్లలో దొరికింది. నీళ్లలోనే చేసిన సీ60లో పిల్లలు బతికాయి.

ఈ కథ తెలిసినవాళ్లు కూడా కంట్రోల్ అంటే బాటిల్లోని మంచినీళ్లు అనే అనుకుంటున్నారు. కాదు. మీ కణాలు పడ్డ పాట్లన్నీ పడ్డ నీళ్లే కంట్రోల్. కణాలకు సిట్రేట్ పూత ఉంటే సిట్రేట్ నీళ్లు, పాలిమర్ పూత ఉంటే పాలిమర్ నీళ్లు. వెండి, జింక్ ఆక్సైడ్ లాంటివి నీళ్లలో కొంత కరుగుతాయి కాబట్టి ఎంత కరిగిందో కొలిచి, అంతే అయాన్లిచ్చే ఆ లోహపు లవణం కలిపిన నీళ్లు ఇంకో వరసలో పెట్టాలి. వెండికి సిల్వర్ నైట్రేట్ వాడతారు. పిండాలు ఆ వరసలోనూ అంతే చచ్చిపోతే మీ దగ్గర కొత్త నానో విషమేమీ లేదు, వెండి అయాన్ విషం ఉంది. మొప్పల్లో సోడియంను లోపలికి లాగే ఎంజైమును వెండి అయాన్ పడగొడుతుందని, చేప ఒంట్లో ఉప్పు తగ్గిపోయి చచ్చిపోతుందని నానో కణాల విష పరీక్షలు జోరందుకోకముందే తెలుసు.

నానో కణాల ప్రయోగంలో సగం వెల్స్‌లో నానో కణాలే ఉండకూడదు. ఈ మాట చెబితే ప్లేట్లు వృథా అంటారు. వృథా కాదు.

సోనికేటర్‌ను తక్కువ వాడండి. నానో కణాలు నీళ్లలో పడగానే గుంపులు కడతాయి. వాటిని విడగొట్టడానికి శబ్దతరంగాలతో కొడతాం. ఎక్కువసేపు కొడితే మంచి ద్రావణం వస్తుందన్న నమ్మకం ల్యాబుల్లో బలంగా ఉంది. ఎక్కువసేపు కొడితే ద్రావణం వేడెక్కుతుంది. ప్రోబ్ కొన అరిగి టైటానియం రజను నీళ్లలో రాలుతుంది. నీటి అణువులే విరిగి హైడ్రోజన్ పెరాక్సైడ్ పుడుతుంది. కలిపిన పాలిమర్ ముక్కలై కొత్త రసాయనాలుగా మారుతుంది. ఆ తర్వాత దాన్ని పిండం మీద పోసి కణం విషం అంటాం. పైగా అంత కొట్టిన కణాలు కూడా ఉప్పులున్న గుడ్ల నీళ్లలో పడగానే మళ్లీ గుంపు కడతాయి. డబ్బా మీద 20 నానోమీటర్లని ఉంటుంది. వెల్‌లో ఉండేది మైక్రాన్ల సైజు ముద్ద. సైజును డబ్బా మీద చూడకండి, గుడ్డు ఉన్న నీళ్లలో చూడండి. మొదటి గంటలోనూ చూడండి, 24 గంటలకూ చూడండి. నానో పదార్థాలు నీళ్లలో ఎంతసేపు విడివిడిగా నిలుస్తాయో కొలవడానికి పరీక్షా పద్ధతులు నిర్ణయించే అంతర్జాతీయ సంస్థ ఓఈసీడీ 2017లో 318 నంబరు మార్గదర్శకాన్ని ఇచ్చింది. గుడ్డు ముట్టకముందే చేయాల్సిన పని అది.

మోతాదు పెంచమని ఎవరైనా అంటే పెంచకండి. లీటరుకు 100 మిల్లీగ్రాములకు పోతే ఏదో ఒకటి కనబడుతుందని సీనియర్లు చెబుతారు. కనబడుతుంది. ఆ మోతాదులో వెల్ అడుగున మట్టి పేరుకున్నట్టు ఉంటుంది. జీబ్రా చేప గుడ్డు తేలదు, అడుగున కూర్చుంటుంది. ఆ మట్టి దాన్ని కప్పేస్తుంది. గుడ్డుకు ఆక్సిజన్ అందదు. నానో కణాలకు బదులు మెత్తగా నూరిన బంకమన్ను వేసినా ఆ పని జరగొచ్చు. నమ్మకపోతే ఒక వరసలో నిజంగానే బంకమన్ను వేసి చూడండి. అదే పదార్థపు పెద్ద పొడి ఇంకో వరసలో పెట్టండి. నానోకే ప్రత్యేకమైన విషం ఏదైనా ఉంటే అప్పుడు బయటపడుతుంది.

వాగుల్లో, చెరువుల్లో ఇలాంటి పదార్థాలు మిల్లీగ్రాముల్లో ఉండవు. కెనడాలోని ఒంటారియోలో ప్రయోగాల కోసమే కేటాయించిన సరస్సులు కొన్ని ఉన్నాయి. 2014, 2015 వేసవుల్లో అక్కడి 222వ నంబరు సరస్సులో పరిశోధకులు నానో వెండిని కొద్దికొద్దిగా కలుపుతూ పోయారు. నీళ్లలో దాని మోతాదు లీటరుకు మైక్రోగ్రాముల్లోనే ఉంది. అంటే మన వెల్ మోతాదులో వేలల్లో ఒక వంతు. అంత తక్కువలోనూ పెర్చ్, పైక్ అనే చేపల ఒంట్లో వెండి చేరింది. ఒక్క రోజులో చంపే మోతాదు వెతకడం కంటే ఇలా ఏళ్ల తరబడి చేరే మోతాదు వెతకడం కష్టం, ఖర్చు కూడా. కానీ చేపలు బతికేది ఆ మోతాదులోనే.

గుడ్డు పొర సాక్ష్యాన్ని నమ్మకండి. జీబ్రా చేప పిండం చుట్టూ కోరియాన్ అనే పొర ఉంటుంది. దాని నిండా రంధ్రాలు. ఒక్కొక్కటి దాదాపు 0.5 నుంచి 0.7 మైక్రాన్ల వెడల్పు. విడిగా ఉన్న నానో కణం అందులోంచి దూరిపోగలదు. 2007లో అమెరికాలోని ఓల్డ్ డొమినియన్ యూనివర్సిటీ వాళ్లు వెండి కణాలు ఒక్కొక్కటిగా ఆ రంధ్రాల్లోంచి లోపలికి వెళ్లడాన్ని మైక్రోస్కోపులో ప్రత్యక్షంగా గమనించారు. అదే కణాలు ముద్దలు కడితే బయటే ఆగిపోతాయి. పిండానికేమీ కాలేదని మీరు రాసినప్పుడు కణం నిరపాయమైనదని అర్థం కావచ్చు, కణం లోపలికే పోలేదనీ కావచ్చు. ఈ రెండింటికీ మధ్య ఎంత దూరమో ఆలోచించండి. పొర తీసిన పిండాలతో ఇంకో వరస పెట్టి చూస్తే తప్ప తేడా తెలియదు. పొర తీయడం చెయ్యి తిరగాల్సిన పని. మొదట్లో పిండాలు చిట్లిపోతాయి. దానికి సిద్ధపడండి.

పిల్ల గుడ్డులోంచి ఆలస్యంగా బయటికొస్తే కూడా తొందరపడి తీర్పు చెప్పకండి. మామూలుగా 48 నుంచి 72 గంటల మధ్య పిల్ల పొర చీల్చుకుని బయటికి వస్తుంది. అందుకు పిండం ఒక ఎంజైము వదులుతుంది. జింక్, రాగి, నికెల్ అయాన్లు ఆ ఎంజైమును పట్టేసుకుంటే పొర చిరగదు. కణం పిండాన్ని తాకనైనా తాకకుండానే పిల్ల బయటికి రావడం ఆగిపోతుంది. 2007లో కార్బన్ నానో గొట్టాల వల్ల పిల్లలు బయటికి రావడం ఆలస్యమైందని గమనించిన బృందం అక్కడితో ఆగకుండా వెతికింది. గొట్టాల తయారీలో వాడి మిగిలిపోయిన కోబాల్ట్, నికెల్ కారణం కావచ్చని తేల్చింది. మళ్లీ అదే మాట. కార్బన్‌ను అనుమానిస్తే లోహం దొరికింది.

లెక్క మీరు పెట్టకండి. ఏ వెల్‌లో ఏముందో తెలిసినవాళ్లు పిండాలు లెక్కపెట్టకూడదు. 2013లో ఓఈసీడీ ఆమోదించిన 236 నంబరు పిండ పరీక్షలో చావుకు నాలుగే గుర్తులు చెప్పారు. గుడ్డు గడ్డకట్టడం, వెన్ను ఖండాలు ఏర్పడకపోవడం, తోక సొనసంచి నుంచి విడిపోకపోవడం, గుండె కొట్టుకోకపోవడం. నాలుగూ పుస్తకంలో స్పష్టంగానే ఉంటాయి. మైక్రోస్కోపు కింద మాత్రం గుండె ఒకసారి కొట్టుకుని ఆగినట్టుంటుంది, తోక సగం విడివడినట్టుంటుంది. అలాంటి చోట మన ఆశ మన కంటిని లాగుతుంది. మా ల్యాబులో చేపలకు మేత వేసి, తొట్లు కడిగే అటెండరు ఉన్నాడు. భీమవరం దగ్గరి పల్లెటూరు, చెరువుల మధ్య పెరిగినవాడు. ప్లేట్ల మీద అంకెలు మాత్రమే రాసి లెక్క అతనికి అప్పజెప్పడం మొదలుపెట్టాక నా గ్రాఫుల్లో అందం తగ్గింది, నిజం పెరిగింది. 

ఒకసారి పెద్ద చేపల తొట్టి ముందు నిలబడి, "మేడం, ఇయ్యి మందుకి పోట్లేదండి, గాలాడక పోతన్నాయి. చూడండి, తలలు తేలేత్తన్నాయి" అన్నాడు. చెరువు గట్టున తెల్లవారుజామున ఏరియేటర్ ఆగిపోతే చేపలు ఎలా పైకొచ్చి నోళ్లు తెరుస్తాయో అతను చిన్నప్పటినుంచీ చూశాడు. నీళ్లలో ఆక్సిజన్ కొలిచాం. అతను చెప్పిందే నిజం. కణాలకు తోడు మిగిలిపోయిన మేత కుళ్లి తొట్టిలో ఆక్సిజన్ పడిపోయింది. ఆ వారం పరీక్షను కొట్టేశాం. ఆక్సిజన్ కొలిచే డీవో మీటరు రీడింగు రోజుకు రెండుసార్లు రాయడం ఆరోజునుంచే మొదలైంది. మీ ల్యాబులో అలాంటి మనిషి ఉంటే ప్రొఫెసర్ మాట కంటే ముందు ఆయన మాట వినండి. ఇది మర్యాద కోసం చెప్పడం లేదు.

డబ్బా మీది మోతాదును పేపర్లో రాయకండి. లీటరుకు ఒక మిల్లీగ్రాము వేశాను కాబట్టి ఒక మిల్లీగ్రామే ఉందనుకోవడం మన పనిలో అన్నిటికంటే పెద్ద పొరపాటు. కణాలు ప్లాస్టిక్ గోడకు అంటుకుంటాయి, అడుగుకు దిగిపోతాయి, కరిగిపోతాయి. రెండు మిల్లీలీటర్ల వెల్‌లో గోడ ఎక్కువ, నీళ్లు తక్కువ. అందుకే ప్లేటును ముందురోజే పరీక్షా ద్రావణంతో నింపి 24 గంటలు ఉంచి, దాన్ని పారబోసి, కొత్తది నింపాక గుడ్డు వేయమంటారు. చాలామంది ఈ దశను దాటేస్తారు. నీళ్లలో లోహం ఎంతుందో మొదట్లోనూ చివర్లోనూ కొలిపించండి. లోహాన్ని కొలిచే ఐసీపీఎంఎస్ యంత్రం మీ దగ్గర లేకపోతే ఉన్నచోటికి శాంపిల్ పంపండి. దానికి డబ్బు లేదంటే ఒక మోతాదు తగ్గించుకుని ఆ డబ్బుతో కొలిపించండి. కొలవని ఐదు మోతాదుల కంటే కొలిచిన నాలుగు మేలు.

చీకట్లో నిరపాయం అన్న మాట రాయకండి. టైటానియం డయాక్సైడ్‌ను ఏళ్ల తరబడి సాధు పదార్థంగా చూశారు, ఇంక్యుబేటర్ చీకట్లో పిండాలు దాన్ని తట్టుకున్నాయి కాబట్టి. 2012లో అమెరికాలోని విస్కాన్సిన్ యూనివర్సిటీ వాళ్లు అదే పదార్థాన్ని వెలుతురులో పెట్టి పరీక్షిస్తే జీబ్రా చేప పిల్లలు దెబ్బతిని చచ్చిపోయాయి. అతినీలలోహిత కాంతి తగిలితే ఆ కణం చురుకైన ఆక్సిజన్ రూపాలను పుట్టిస్తుంది. సన్‌స్క్రీన్‌లలో, రంగుల్లో వాడే పదార్థమది. జీబ్రా చేప పిల్ల పారదర్శకమైన జీవి, వెలుతురు దాని ఒంట్లోంచి సాఫీగా దూసుకుపోతుంది. ఫ్రాన్సిస్ హామిల్టన్ 1822లో గంగానది చేపల గురించి రాసిన పుస్తకంలో మొదటిసారి వర్ణించిన ఈ చేప, ఎండ పడే లోతులేని నీళ్లలో తిరిగే చేప. దాన్ని ఆరెగాన్‌లో జార్జ్ స్ట్రైసింగర్ పరిశోధనశాల చేపగా మార్చాడు. మనం దాన్ని తిరిగి తెచ్చుకుని చీకటి పెట్టెలో పరీక్షిస్తున్నాం. మేం కనీసం ఒక వరసనైనా పగటి వెలుతురుతో సమానమైన దీపం కింద పెడుతున్నాం.

శుభ్రమైన నీళ్లను కూడా పూర్తిగా నమ్మకండి. ఉప్పులన్నీ తూకం వేసి కలిపిన, పిండాలను పెంచే ఈ3 నీళ్లలో వెండి ఒకలా ప్రవర్తిస్తుంది, కొల్లేరు నీళ్లలో ఇంకోలా. నీళ్లలో క్లోరైడు ఉంటే వెండి దానితో కలిసి సిల్వర్ క్లోరైడుగా మారుతుంది. అడుగు బురదలోని సల్ఫైడు తగిలితే దాదాపు కదలని సిల్వర్ సల్ఫైడ్ అవుతుంది. ఆకులు కుళ్లి చేరిన సేంద్రియ పదార్థం కణం చుట్టూ పూతలా అంటుకుంటుంది. వీటివల్ల విషం తగ్గొచ్చు. పెరిగే దారులూ ఉన్నాయి. కార్ప్ చేపలను కాడ్మియం ఉన్న నీళ్లలో ఉంచి, దానికి టైటానియం డయాక్సైడ్ నానో కణాలు తోడు చేస్తే చేప ఒంట్లో కాడ్మియం ఇంకా ఎక్కువగా చేరిందని 2007లో చైనా పరిశోధకులు చూపించారు. కణం తాను విషం కాకపోయినా విషాన్ని మోసుకెళ్లింది. గోదావరి డెల్టాలో మనం పెంచే బొచ్చె, రాగండి కూడా కార్ప్ జాతివే. పొలాల నీళ్లు, పట్టణాల మురుగు, చెరువు మందులు కలిసే చోట అవి పెరుగుతాయి. 2021లో రైతుల చేతికి అరలీటరు సీసాల్లో నానో యూరియా వచ్చింది. నానో ఎరువులను, మందులను ఎలా అంచనా వేయాలో కేంద్ర ప్రభుత్వం 2020లోనే మార్గదర్శకాలు ఇచ్చింది. ఈ ప్రశ్నలు అడిగే అర్హత, అవసరం ఈ ప్రాంతపు ల్యాబులకు అందరికంటే ఎక్కువ. పిండాలను పెంచే నీళ్లతో పాటు నిజమైన చెరువు నీళ్లు వడకట్టి ఒక వరస పెట్టండి. ఫలితం గజిబిజిగా వస్తుంది. దాన్ని అలాగే రాయండి.

ఇక చేపల సంఖ్య. పెద్ద చేపను చివరికి వదిలిపెట్టండి, వీలైతే ముట్టుకోకండి. 2010లో చేసిన యూరప్ చట్టం చేపపిల్ల సొంతంగా మేత తినడం మొదలుపెట్టిన దశనుంచి దానికి రక్షణ ఇస్తోంది. జీబ్రా చేపకు అది గుడ్డు ఫలదీకరణ చెందిన 120 గంటలకు. పిండ పరీక్ష 96 గంటలకే ముగుస్తుంది. ఒక మోతాదుకు 20 పిండాలు, ఐదు మోతాదులు, 26 డిగ్రీలు, కంట్రోల్‌లో 90 శాతం బతకాలి, తెలిసిన విషమైన డైక్లోరోఅనిలిన్ వేసిన వరసలో కనీసం 30 శాతం చావాలి. వీటిలో ఉష్ణోగ్రత, బతుకు, చావుల అంకెల్లో ఏ ఒక్కటి తప్పినా ఆ ప్లేటు చెల్లదు. చెల్లని ప్లేటులోంచి ఒక్క అంకె కూడా ఏరుకోకండి. ఒకే తల్లి గుడ్లు 20 వేసి 20 ప్రయోగాలని కూడా చెప్పకండి. వేరువేరు రోజుల్లో, వేరువేరు జంటలు పెట్టిన గుడ్లతో మూడుసార్లు చేస్తేనే అది మూడు. తొట్టి అడుగున గోలీలు పరిచి, తెల్లవారి లైటు వెలిగించగానే పెట్టిన గుడ్లను తల్లిదండ్రులే తినేయకుండా ఏరి తెచ్చుకుంటాం కదా, ఆ శ్రమకు కనీసం ఆ పాటి విలువ ఇవ్వాలి.

అలాగని పిండం అన్నిటికీ జవాబు చెప్పదు. 96 గంటల్లోపు పిండానికి మొప్పలు పనిలోకి రావు. ఒంటితోనే ఆక్సిజన్ పీల్చుకుంటుంది. మొప్పల మీద కణాలు పేరుకుంటే ఏమవుతుందో పిండం చెప్పలేదు. 2007లో ఇంగ్లండ్‌లోని ప్లిమత్‌లో రిచర్డ్ హ్యాండీ బృందం రెయిన్‌బో ట్రౌట్ చేపలను కార్బన్ నానో గొట్టాలున్న నీళ్లలో పది రోజులు ఉంచినప్పుడు చేపలు వేగంగా ఊపిరి తీశాయి, మొప్పల మీద జిగురు పేరుకుంది. అది పిండంలో కనబడే సంగతి కాదు. వాళ్లు గొట్టాలను విడగొట్టడానికి డిటర్జెంట్ వాడారు. గొట్టాలు లేకుండా డిటర్జెంట్ ఒక్కటే వేసిన తొట్టి కూడా పెట్టారు. పెద్ద చేపను చంపక తప్పని ప్రశ్న ఏదో ముందు కాగితం మీద రాసుకోండి. రాయలేకపోతే ఆ ప్రయోగం చేయకండి. ఎథిక్స్ కమిటీ ఫారం నింపడం, ఈ ప్రశ్న రాసుకోవడం ఒకటి కావు.

చివరిగా, ఏమీ కనబడకపోవాలని కోరుకోండి. ఈ మాటకే నన్ను ఎక్కువమంది తప్పుబట్టారు. ఫలితం లేకపోతే పేపరు రాదు, పేపరు రాకపోతే పీహెచ్‌డీ పూర్తికాదు, పిల్లల భవిష్యత్తు మీకు పట్టదా అని ఒక తండ్రి నాకు ఫోన్ చేసి అడిగారు. ఆయన ఆవేదన నాకు అర్థమైంది. కానీ చావును ఆశించి మొదలుపెట్టినవాళ్లు మోతాదు పెంచుతారు, కంట్రోల్ తగ్గిస్తారు, సందేహంగా కొట్టుకుంటున్న గుండెను ఆగిందని రాస్తారు. అబద్ధం చెప్పాలనుకుని ఎవరూ అలా చేయరు. ఒక్కో అడుగు అలా పడుతుందంతే. ఏమీ కాకూడదని కోరుకుని, అన్నివైపుల నుంచీ వెతికి, అయినా విషం కనబడితే ఆ మాటకు బరువుంటుంది. దాన్ని నమ్మి ఒక పదార్థాన్ని బజారునుంచి తీసేయొచ్చు. ఏమీ కనబడకపోతే ఆ సంగతి కూడా ఎవరో ఒకరికి కావాలి. అది మీ సొరుగులోనే ఉండిపోతే రేపు ఇంకో ల్యాబు అదే కణాన్ని అదే మోతాదులో మళ్లీ పరీక్షిస్తుంది, మళ్లీ వందల గుడ్లు తెచ్చుకుంటుంది.

అందుకని మీలో ఎవరి దగ్గరైనా అలాంటి పాత నోట్‌బుక్ ఉంటే, కణం ఏమీ చేయలేదని తేలిన ప్లేట్ల లెక్క అందులో ఉంటే, దాన్ని ఈ ఏడాదిలోనే ప్రచురణకు పంపండి. మీరు కొలిచిన మోతాదులూ, కణాలు లేని నీళ్ల వరసలూ కూడా దాంతో జతచేయండి. నా బంగారు కడ్డీల మూడు నెలల లెక్క, తేరిన నీళ్ల వరసతో సహా, నేను పంపాను.